రోజ్‌నామ్చా ఎవరి చేతిలో ఉండాలి?

లాగ్ అనే మాట సముద్రం మీద పుట్టింది. పూర్వం ఓడ వేగం తెలుసుకోవడానికి ఒక చెక్కముక్కకి తాడు కట్టి నీళ్లలోకి వదిలేవాళ్లు. తాడుకి సమాన దూరాల్లో ముడులుండేవి. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు చేతిలోంచి జారితే అంత వేగం. ఆ చెక్కముక్క పేరు లాగ్, ఆ లెక్క ఎక్కించే పుస్తకం లాగ్‌బుక్. తర్వాత గాలి, దిక్కు, ప్రమాదం, రేవు అన్నీ ఆ పుస్తకంలోకే ఎక్కాయి. మా వాడరేవు పేరులోనూ ఓడ ఉంది కాబట్టి ఈ ముచ్చట ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

ఆ పుస్తకానికి ఒక ఖాయిదా ఉంది. తప్పు రాస్తే చెరపకూడదు, కాగితం చింపకూడదు. తప్పు మీద ఒక్క గీత కొట్టి, కింది అక్షరాలు కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి పొడి సంతకం పెట్టాలి.

మన ఇళ్లల్లో దీన్ని రోజ్‌నామ్చా అంటాం. పాతకాలపు ఠాణాలో ముహర్రిర్ రాసింది అదే, కొట్లో మున్షీ రాసిందీ అదే. తెలుగు షావుకార్లు చిట్టా అంటారు. చిట్టాలోంచి పద్దులవారీగా ఎత్తి రాసేది ఆవర్జా, అది ఫార్సీ నుంచి తెలుగులోకి వచ్చిన మాట. దాఖలు, నకలు, రద్దు, జప్తు, దస్తావేజు, ఫిర్యాదు... తెలుగు కచేరీ భాషలో సగం మన దాదాలు మాట్లాడిన మాటలే. అందుకే కంప్యూటర్ వాళ్ల బహస్‌లోకి మనం దిగితే పరాయివాళ్లం అవుతామని నేననుకోను.

ఆ బహస్ ఏమిటంటే, సర్వర్ తన రోజ్‌నామ్చాని మామూలు ఫైల్లో రాసుకోవాలా, నేరుగా డేటాబేస్‌లో దాచాలా? ఇంజనీర్లు దీని మీద ఎన్నో ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ఎక్కువమంది ఫైలే మేలంటారు. నా మాట వేరు. ప్రభుత్వ దస్త్రంలో మనిషి చేసిన ప్రతి మార్పూ డేటాబేస్‌లోనే, ఆ మార్పుతో పాటే నమోదవ్వాలి. దాని నకలు మార్చిన చెయ్యి అందని చోట ఉండాలి. దాన్ని చదివే హక్ ఆ ఆస్తి గల కుటుంబానికి ఉండాలి. ఎందుకో చెప్తాను.

రాశి, లాటు

మీరు ఫోన్‌లో మీభూమి తెరిచి సర్వే నంబరు కొట్టారనుకోండి. అవతల సర్వర్ ఒక పంక్తి రాసుకుంటుంది. ఏ అడ్రస్ నుంచి వచ్చారు, ఏ తారీఖు ఏ సెకనుకి వచ్చారు, ఏ పేజీ అడిగారు, జవాబు దొరికిందా లేదా. దొరికితే 200 అని, పేజీ లేకపోతే 404 అని, సర్వరే తడబడితే 500 అని. రోజుకి ఇలాంటివి లక్షల పంక్తులు. ఒకదాని కింద ఒకటి ఫైల్లో పడుతూ ఉంటాయి.

గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్లకి తేడా సులువుగా తెలుస్తుంది. కల్లంలో ఎండబోసిన కాయ ఒక రాశి. పోయడం క్షణం పని, కానీ అందులోంచి ఫలానా చేనుది తీయమంటే ఎవరి వల్లా కాదు. అదే కాయ యార్డులో టిక్కీలకెత్తి లాటుగా పెట్టాక రైతు పేరు, రకం, తూకం, తారీఖు చీటీ మీద ఉంటాయి. తేజ ఎక్కడుంది, బాడిగ ఎక్కడుంది, ఈ రైతువి ఎన్ని టిక్కీలు అంటే వేలు పెట్టి చూపిస్తారు. ఫైలు రాశి, డేటాబేస్ లాటు.

రాశికి తన ఫాయిదా తనకుంది. ఇంజనీర్ల దలీళ్లు నాలుగు, నాలుగూ నిజమే.

మొదటిది, బరువు. ప్రతి పంక్తినీ పట్టికలో పెట్టి, దానికి సూచిక కట్టాలంటే సర్వర్‌కి శ్రమ. అసలు పని చేసే డేటాబేస్‌నే రోజ్‌నామ్చాకీ వాడితే, వాడేవాళ్లు ఎక్కువైన రోజున రెండూ కుంటుతాయి.

రెండోది, డేటాబేస్ ఆగిపోయినప్పుడు ఎందుకు ఆగిందో తెలియాలంటే రోజ్‌నామ్చా చూడాలి. అది కూడా ఆగిన డేటాబేస్‌లోనే ఉంటే? ఇల్లు కాలుతుంటే బకెట్ ఇంట్లోనే ఉన్నట్టు.

మూడోది, పెరుగుదల. నెలలు గడిచేకొద్దీ పట్టిక ఉబ్బుతుంది, బ్యాకప్‌లు ఉబ్బుతాయి, పాతవి తీసెయ్యడానికే ఒక పూట పడుతుంది. నెలకో భాగంగా పట్టికని విడగొట్టి, పాత భాగాన్ని మొత్తంగా తీసి పక్కన పెడితే ఈ తంటా చాలావరకు తగ్గుతుంది.

నాలుగోది కొంచెం బారీక్ సంగతి. డేటాబేస్‌లో కొన్ని పనులు కట్టగా జరుగుతాయి. జరిగితే అన్నీ జరుగుతాయి, మధ్యలో ఒకటి తప్పితే అన్నీ రద్దవుతాయి. దీన్ని ట్రాన్సాక్షన్ అంటారు. రోజ్‌నామ్చా పంక్తి కూడా ఆ కట్టలోనే ఉంటే, పని రద్దయినప్పుడు ఆ పంక్తీ మాయమవుతుంది. ఎవడో ప్రయత్నించి విఫలమయ్యాడన్న గుర్తు కూడా మిగలదు.

అందుకే మధ్యేమార్గాలు వచ్చాయి. ముందు ఫైల్లో రాసి, తర్వాత మూటగా పట్టికలోకి ఎక్కించడం ఒకటి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తన లాగ్‌ని పట్టికలోకి సులువుగా ఎక్కే తరహాలో రాయగలదు. మైఎస్‌క్యూఎల్‌లో ఒక అమరిక మారిస్తే అది తన లాగ్‌ని నేరుగా పట్టికలోనే రాస్తుంది. లాగ్‌ల కోసమే కట్టిన వేరే డేటాబేస్‌లూ ఉన్నాయి. ఎవరి అవసరం వాళ్లది.

తాలు, ఎరుపు

నాకు తోచిన కసర ఏమిటంటే, ఈ బహస్‌లో రెండు రకాల సరుకుని ఒకే గోతంలో పోసి మాట్లాడుతున్నారు.

ఒకటి యంత్రం తనలో తాను మాట్లాడుకునేది. పేజీ అడిగారు, ఇచ్చాను, మెమరీ ఇంత ఉంది, ఫలానా చోట ఆలస్యమైంది. ఇది తాలు కాయ లాంటిది. అవసరమే, పారెయ్యకూడదు, కానీ చీటీ కట్టి లాటు పెట్టినంత కూలి దానికి దండగ. ఫైల్లో ఉండనివ్వండి. చాలా లినక్స్ సర్వర్లలో ముందుగా వచ్చే అమరిక వారానికో ఫైలు మార్చి, నాలుగు వారాలు ఉంచి, ఆపైన పాతవి తుడిచెయ్యడం. 2022 ఏప్రిల్ 28న కేంద్రంలోని సెర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఆదేశాలు సర్వర్ లాగ్‌లని కనీసం 180 రోజులు దాచమన్నాయి. సైబర్ దాడుల దర్యాప్తుకి అది ఉద్దేశించింది.

రెండోది మనిషి చేసిన పని. ఫలానా సర్వే నంబరులో ఫలానా పేరు తీసి ఫలానా పేరు పెట్టడం. ఖబరస్తాన్ విస్తీర్ణం 2 ఎకరాల నుంచి 1 ఎకరం 40 సెంట్లకి దించడం. 22-ఏ నిషేధిత జాబితాలోకి ఒక నంబరు ఎక్కించడం, ఇంకో నంబరు దించడం. ఇది ఎరుపు కాయ. రోజుకి లక్షల్లో ఉండదు, ఒక మండలంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. కాబట్టి బరువు అనే దలీల్ ఇక్కడ నిలబడదు.

ఇందాక నాలుగో దలీల్‌గా చెప్పిన కట్ట సంగతి ఈ రెండో రకానికి వచ్చేసరికి తిరగబడుతుంది. పేరు మార్చడం, ఎవరు మార్చారో రాయడం ఒకే కట్టలో ఉంటే, రోజ్‌నామ్చాలో పంక్తి పడకుండా పేరు మారడం కుదరదు. పంక్తి రాయడం విఫలమైతే పేరు మార్పూ రద్దు. ఫైల్లో రాసే పద్ధతిలో ఈ హామీ లేదు. పేరు మారిపోయి, ఫైల్లో రాసేలోగా డిస్కు నిండిపోయిందని, ఏదో ఎర్రర్ వచ్చిందని ఒక బహానా మిగులుతుంది. విఫలమైన ప్రయత్నాల్ని వేరే చోట విడిగా రాసుకోవచ్చు. జరిగిన మార్పు మాత్రం తన గవాహీని వెంటబెట్టుకునే పుట్టాలి.

సిస్టమ్ ఎవరి కొడుకు?

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా ఖాలా వాళ్లకి వాడరేవు దగ్గర 1 ఎకరం 20 సెంట్ల సరుగుడు తోట ఉంది. ఖాలూ వఫాత్ అయిన ఆరేళ్లకి, చిన్నమ్మాయి షాదీ దగ్గరపడ్డాక, విరాసత్ కోసం కచేరీకి వెళ్లారు. పాత ప్రింటులో ఖాలూ పేరున్న గళ్లో కొత్త ప్రింటులో వేరే ఊరి మనిషి పేరుంది. ఎవరు మార్చారు బాబూ అని ఖాలా అడిగింది. "సిస్టమ్‌లో అట్టా వచ్చిందమ్మా" అన్నాడు అక్కడి కుర్రాడు. ఇంటికొచ్చాక ఖాలా నన్నడిగింది: "ఈ సిస్టమ్ ఎవరి కొడుకు బేటా?"

పేరు సరిదిద్దడానికి ఏడాదిన్నర పట్టింది. సరిదిద్దారు, అల్హమ్దులిల్లాహ్. కానీ ఎవరు మార్చారు, ఏ రోజు మార్చారు, ఏ ఉత్తర్వు మీద మార్చారు అన్నది ఖాలా చేతికి ఏ కాగితం మీదా రాలేదు. నేను ఏ కచేరీ పేరూ రాయడం లేదు, ఎవరి మీదా ఇల్జామ్ పెట్టడం లేదు. ఆ జవాబు మాత్రం మీలో చాలామంది విన్నదే.

పాతకాలంలో కరణం అన్యాయం చేయలేదా అంటే, చేశాడు. 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా ఎన్ని కుటుంబాలు ఆయన గడప ముందు నిలబడ్డాయో మన పెద్దల్నడగండి. కానీ కరణం కలంతో రాసేవాడు. పాత పేరు మీద గీత కనబడేది, ఇంకు రంగు తేడా తెలిసేది, దస్తూరి ఎవరిదో ఊరంతా గుర్తుపట్టేది. కోర్టులో ఆ దస్తూరే సుబూత్ అయ్యేది. కీబోర్డుకి దస్తూరి ఉండదు. ఎవరు కొట్టినా అక్షరాలు ఒకేలా ఉంటాయి. కీబోర్డుకి దస్తూరి లాంటిది ఏదైనా ఉంటే అది లాగ్ ఒక్కటే.

అందులోనూ ఇంకో పేచీ ఉంది. లాగిన్ ఒకరిది, వేళ్లు ఇంకొకరివి. అధికారి పాస్‌వర్డు, డిజిటల్ సంతకం కీ ఆపరేటర్ చేతిలో ఉండిపోవడం గురించి జర్నలిస్టుగా నేను వింటూనే ఉన్నాను. అప్పుడు లాగ్‌లో అధికారి పేరు పడుతుంది. దానితోపాటు ఏ యంత్రం నుంచి, ఏ అడ్రస్ నుంచి, రాత్రి 9కా మధ్యాహ్నం 12కా అన్నది కూడా పడితే, ఆ వేళకి ఆ అధికారి ఎక్కడున్నారో చూసి నిజం తేల్చొచ్చు. అందుకే ఒక్క పేరు చాలదు. తారీఖు, వేళ, లాగిన్, యంత్రం, ఉత్తర్వు నంబరు, పాత విలువ, కొత్త విలువ, ఈ ఏడు గళ్లూ నిండాలి.

మా తీరం భూములకి ఇది మరీ అవసరం. 2008లో వాడరేవు, నిజాంపట్నం పేర్లతో ఓడరేవులు, పారిశ్రామిక కారిడార్ వస్తాయని, రాస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందమని చెప్పారు. వాన్‌పిక్ అన్న పేరు ఇక్కడ పిల్లలకీ తెలుసు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో వేల ఎకరాలు చేతులు మారాయి. తర్వాత సీబీఐ కేసు వచ్చింది. ఓడరేవు రాలేదు. ఊరి కాగితాలు కూడా తిరుగుతూనే ఉన్నాయి. 1970కి ముందు చీరాల ప్రాంతం గుంటూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు జిల్లా అంటే తర్వాతి ప్రకాశం, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, దస్త్రాలు మూడు దఫ్తర్లు మారాయి. అలా మారినప్పుడల్లా ఏది పోయింది, ఏది కలిసింది అని చెప్పే రోజ్‌నామ్చా లేకపోతే సామాన్యుడు ఎవరి గల్లా పట్టుకుంటాడు?

గవాహీ వేరే ఇంట్లో ఉండాలి

సరే, డేటాబేస్‌లో పెట్టాం. అంతటితో యకీన్ వస్తుందా? రాదు. డేటాబేస్‌కి ఒక ముఖ్య నిర్వాహకుడుంటాడు. అన్ని తాళాలూ ఆయన దగ్గరే. పట్టికలో పేరు మార్చగలిగినవాడు, ఆ పక్క పట్టికలోని రోజ్‌నామ్చా పంక్తినీ తుడిచెయ్యగలడు. రాశిలో పంక్తి తుడిచెయ్యడం ఎంత సులువో ఇక్కడా అంతే సులువు.

కాగితానికి ఇదే జరిగింది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. ప్రభుత్వం కుట్ర కోణంలో దర్యాప్తు చేయించింది. అది కోర్టు తేల్చాల్సిన మసలా. మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. దస్త్రమూ, దస్త్రానికి సుబూతూ ఒకే గదిలో ఉంటే ఒక్క రాత్రి చాలు.

సూరె బఖరాలో అప్పు గురించిన పెద్ద ఆయత్ మనలో చాలామందికి తెలుసు. అందులో రాసుకోమన్న తాకీదు ఉంది, రాసేవాడు ఇన్సాఫ్‌తో రాయాలని ఉంది, ఆపైన విడిగా గవాహీలు ఉండాలని కూడా ఉంది. రాసేవాడి రాత ఒక్కటే చాలనలేదు. సర్వర్‌కి కూడా అదే తరీఖా కావాలి.

పని కష్టమైనదేం కాదు. రోజ్‌నామ్చా పట్టికలో కొత్త పంక్తి చేర్చే అనుమతి మాత్రమే ఇచ్చి, మార్చే అనుమతి, తుడిచే అనుమతి ఇవ్వకుండా ఆపొచ్చు. ఆ పట్టిక నకలు ప్రతి నిమిషం వేరే శాఖ ఆధీనంలోని వేరే సర్వర్‌కి వెళ్లేలా చెయ్యొచ్చు. ఇంకా ఒక మంచి ఉపాయం ఉంది. ప్రతి పంక్తికీ లెక్కగట్టి ఒక ముహర్ వేస్తారు, దాన్ని హ్యాష్ అంటారు. ప్రతి పంక్తి ముహర్‌లో పై పంక్తి ముహర్ కూడా కలిసి ఉంటుంది. మధ్యలో ఒక పంక్తి మారిస్తే దాని కింద ఉన్న ముహర్లన్నీ తప్పిపోతాయి. అన్నీ మళ్లీ వేద్దామన్నా, ఏ రోజుకారోజు చివరి ముహర్‌ని బయట ప్రకటించి ఉంటే దొంగతనం పట్టుబడుతుంది. ఆవర్జాలో ప్రతి పుట అడుగున మొత్తం వేసి, అదే మొత్తాన్ని తర్వాతి పుట పైన ఎత్తి రాస్తారు చూడండి, మధ్య పుట చింపితే లెక్క కుదరదు. అదే అఖల్.

ఎస్తోనియా అనే చిన్న దేశం 2007లో పెద్ద సైబర్ దాడులు చూసింది. ఆ తర్వాత ప్రభుత్వ దస్త్రాలకి ఇలాంటి ముహర్ల గొలుసు కట్టుకుంది. అక్కడి పౌరుడు తన వివరాలు ఏ అధికారి తెరిచి చూశాడో తానే ఆన్‌లైన్‌లో చూసుకోగలడు. మన చట్టమూ ఆ దిశలో ఒక అడుగు వేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో పెట్టాలంటే జత చేసే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. కోర్టు ముహర్ అడుగుతోంది. కచేరీ కూడా మొదటి రోజునుంచే వేస్తూ రావాలి కదా.

ఖర్చెక్కువ అనేవాళ్లకి ఒక్క మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ తారీఖుతో సహా ఎడిట్ లాగ్ ఉండాలని, దాన్ని ఆపే వీలు ఉండకూడదని కేంద్రం రూల్ పెట్టింది. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కూడా ఒక బిల్లు అంకె మారిస్తే ఆ మార్పు లాగ్‌లో నమోదవ్వాలి. వ్యాపారి బిల్లుకి ఉన్న పహరా రైతు పొలానికి ఎందుకు ఉండకూడదు?

వక్ఫ్ పోర్టల్ సంగతి

మన ఇళ్లకి ఇంకా దగ్గరి సంగతి ఉమీద్ పోర్టల్. 2025 జూన్ 6న మొదలైంది, దేశంలోని వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ అందులో ఎక్కించమన్నారు. ఆరు నెలల గడువు డిసెంబర్ 6న ముగిసింది. చట్టం మంచిచెడ్డల మీద సుప్రీంకోర్టులో వాదనలు నడిచాయి, ఆ బహస్‌లోకి ఈరోజు వెళ్లను. నా ధ్యాస పోర్టల్ కట్టిన తీరు మీద ఉంది. అందులో మూడు మెట్లున్నాయి. ముతవల్లీ లేదా ఆయన తరఫు మనిషి ఎక్కిస్తారు, ఇంకొకరు సరిచూస్తారు, మూడోవారు ఆమోదిస్తారు. కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం గడువు ముగిసేసరికి 5,17,040 ఆస్తులు ఎక్కించడం మొదలైంది. వాటిలో 2,16,905 ఆమోదం పొందాయి, 2,13,941 ఎక్కించాక ఆమోదం కోసం ఆగి ఉన్నాయి, 10,869 తిరస్కరణకి గురయ్యాయి.

ముగ్గురు మనుషులు మూడు మెట్ల మీద నిలబడటం మంచి పద్ధతే. నేను దాన్ని తప్పుపట్టను. కానీ తిరస్కరణకి గురైన ఆ 10,869లో మీ ఊరి ఈద్‌గాహ్ ఉందనుకోండి. ఏ మెట్టు మీద ఆగింది? ఎవరు, ఏ తారీఖున, ఏ కారణం రాసి ఆపారు? ఎక్కించినప్పుడు 3 ఎకరాలున్నది ఆమోదం వేళకి 2 ఎకరాలైతే, ఆ ఎకరం ఏ మెట్టు మీద జారిపోయింది? ఈ సవాళ్లకి జవాబు మెట్లలో దొరకదు, మెట్ల రోజ్‌నామ్చాలో దొరుకుతుంది. అది ముతవల్లీ చేతికి, జమాత్ చేతికి ముద్రిత నకలుగా రావాలి. ముతవల్లీలు కూడా ఇది తమకి ఖతరా అనుకోకూడదు. వక్ఫ్ అమానత్. దాని హిసాబ్ తేటగా ఉంటే ముందు బయటపడేది ఈమాన్‌దారీతో పనిచేసిన ముతవల్లీయే. ఖయానత్ చేసినవాడు మన వాడైనా ఆ పంక్తిలో కనబడాలి.

ఎవరి మీద రోజ్‌నామ్చా?

ఇక్కడ ఒక ఖౌఫ్ ఉంది, అది జాయిజ్ ఖౌఫ్. అన్నీ రాసి, అన్నీ శాశ్వతంగా దాచమంటే ప్రభుత్వం మన మీద కూడా రోజ్‌నామ్చా రాస్తుంది కదా? ఎక్కడికి వెళ్లాం, ఏ దుకాణంలో వేలు పెట్టాం, ఏ ఆస్పత్రిలో చూపించుకున్నాం?

ఆధార్ కేసులో 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఈ సవాల్‌కే జవాబిచ్చింది. మనం వేలిముద్ర వేసిన ప్రతిసారీ పడే పంక్తిని 5 ఏళ్లు దాచుకుంటామన్న నిబంధనని కొట్టేసి, 6 నెలలకి మించి వద్దంది. అదే ఆధార్ వెబ్‌సైట్‌లో మన ఆధార్‌ని గత 6 నెలల్లో ఎవరెవరు ఎప్పుడు సరిచూసుకున్నారో మనమే చూసుకునే సదుపాయం కూడా ఉంది. చాలామంది ఒక్కసారీ తెరవలేదు. మీ అమ్మీ రేషన్ కోసం వేలు పెట్టని రోజున ఆమె పేరిట పంక్తి పడి ఉంటే అక్కడే దొరుకుతుంది.

నేను దీనిలోంచి తీసుకునే ఉసూల్ ఇది. సామాన్యుడి కదలికల మీద రాసే పంక్తి తక్కువ కాలం ఉండాలి. అధికారంతో చేసిన పని మీద రాసే పంక్తి ఎక్కువ కాలం ఉండాలి, భూమి మీదైతే భూమి ఉన్నంత కాలం ఉండాలి. మొదటిది ఫైల్లో ఉండి, వేళకి తుడిచిపోవడమే మనకి హిఫాజత్. రెండోది డేటాబేస్‌లో ఉండి, ఎవరూ తుడవలేకపోవడం హిఫాజత్. ఈ రెంటినీ ఒకే సందూకులో వేస్తే మనం రెండు విధాలా నష్టపోతాం. మన మీది నిఘా మిగులుతుంది, కచేరీ మీది నిఘా పోతుంది.

మా ఖాలా లెక్కనే తీసుకోండి. మామూలు ఫైలు 4 వారాలకి పోతుంది. సైబర్ ఆదేశాల గడువు 180 రోజులు. ఆమె కచేరీకి వెళ్లింది ఆరేళ్ల తర్వాత. మన కుటుంబాల్లో భూమి కాగితం పెట్టెలోంచి బయటికొచ్చేది ఎవరైనా పోయినప్పుడో, షాదీకి డబ్బు కావాల్సినప్పుడో. రోజ్‌నామ్చా ఆయుష్షు ఆ లెక్కన ఉండాలి.

మనం చెయ్యగలిగింది

ప్రభుత్వాన్ని అడగాల్సింది సాఫ్ట్‌వేర్ పేర్లు కాదు. అడంగల్, 1-బి చూపించే ప్రతి పేజీ అడుగున "మార్పుల చరిత్ర" అని ఒక మీట ఉండాలి. నొక్కితే ఏ తారీఖున, ఏ హోదా లాగిన్ నుంచి, ఏ ఉత్తర్వు మీద ఏ పేరు మారిందో తెలుగులో కనబడాలి. మార్పు జరిగిన రోజునే పాత పట్టాదారు ఫోన్‌కి సందేశం రావాలి. ఆ పట్టిక నకలు రెవెన్యూ చేతి కింద లేని ఇంకో చోట ఉండాలి. 22-ఏ జాబితాకీ ఇదే రూల్. ఉమీద్ పోర్టల్‌కీ ఇదే. ఏ పార్టీ సర్కార్ ఉన్నా ఈ మాట అడగొచ్చు, ఏ మజ్హబ్ రైతుతోనైనా కలిసి అడగొచ్చు. వాడరేవు గంగపుత్రుల ఇంటి స్థలానికీ, మా ఖాలా సరుగుడు తోటకీ కావాల్సిన హిఫాజత్ ఒకటే.

అది వచ్చేదాకా మన చిన్న రోజ్‌నామ్చా మనం రాసుకుందాం. ఏడాదికి రెండుసార్లు, రమజాన్‌కి ముందోసారి, బక్రీద్ తర్వాత ఓసారి అనుకోండి, అడంగల్, 1-బి ప్రింటు తీసి, తారీఖు వేసి ఒక ఫైల్లో పెట్టండి. పాతది పారెయ్యకండి, కొత్తది దాని మీద పెట్టండి. రెండింటి మధ్య తేడా వస్తే, ఏ రెండు తారీఖుల మధ్య వచ్చిందో మీకు తెలుస్తుంది. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద అడిగేది కూడా పదునుగా ఉంటుంది: ఫలానా సర్వే నంబరులో, ఫలానా రెండు తారీఖుల మధ్య, ఏ ఉత్తర్వు మీద, ఏ హోదా లాగిన్ నుంచి మార్పు జరిగింది? 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈద్‌గాహ్, ఖబరస్తాన్, దర్గా కాగితాలకి జమాత్‌లో ఒక నౌజవాన్‌కి ఈ పని అప్పగించండి. ముతవల్లీ గారితో సలహా చేసి, జుమా తర్వాత పది నిమిషాలు కూర్చుంటే సరిపోతుంది.

పిల్లల్లో కంప్యూటర్ చదివేవాళ్లున్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. చీరాల, గుంటూరు, నర్సరావుపేట నుంచి వెళ్లిన మన పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇలాంటి సర్వర్లే కడుతున్నారు. రేపు మీలో ఎవరి బేటాయో బేటీయో ఒక ప్రభుత్వ దస్త్రం కట్టే జట్టులో కూర్చోవచ్చు. అప్పుడు లాగ్ ఎక్కడ పెడదాం అన్న సవాల్ బల్ల మీదికి వస్తుంది. వేగం గురించి, ఖర్చు గురించి అందరూ మాట్లాడతారు. తుడిచే తాళం ఎవరి దగ్గర ఉంటుంది, చదివే హక్ ఎవరికి ఉంటుంది అని అడిగే ఒక్క గొంతు ఆ గదిలో మన ఇంటిదై ఉండాలి.